గాల్లో రెండు గంటల పది నిమిషాలు

విమాన టికెట్ల కౌంటరులో పదకొండేళ్లుగా కూర్చుంటున్న ఆమెను ఆఫీసులో అందరూ గడియారం అనే పిలిచేవారు. ఏ ఊరు ఎంత దూరమో, గాల్లో ఎంతసేపు పడుతుందో కాగితం చూడకుండా చెప్పేది. అక్కాబావలుండే ఊరైతే మరీ కంఠతా. పద్నాలుగు వందల కిలోమీటర్లు, రెండు గంటల పది నిమిషాలు. ఆ ఊరికి వెళ్లేవాళ్లకు టికెట్ చేతికిస్తూ ఒక మాట తప్పకుండా అనేది.

"దిగగానే వాచీ గంట ముందుకి తిప్పుకోండి. అక్కడి టైము వేరు. మర్చిపోయి తర్వాత నన్ను తిట్టుకోకండి."

ఆ రోజు ఉదయం కౌంటరు తెరుస్తుండగా బావ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ అక్క పోయిందమ్మా. తెల్లవారుజామున."

చేతిలో తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"నాలుగింటికి తీసుకెళ్దామంటున్నారు. అందుకోగలవా?"

వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఒంటిగంటా అయిదు నిమిషాలకి విమానం ఉంది. మూడుంపావుకి దిగుతాను. నాలుగు కాకముందే ఇంట్లో ఉంటాను బావా."

"నువ్వు చెప్పావంటే ఇక తిరుగులేదు. రా తల్లీ, చివరిసారి మొహం చూసుకుందువుగాని."

పక్క కౌంటరు పెద్దాయనే టికెట్ తీసిచ్చాడు. ఏదో అనబోయి, "మీకు నేను చెప్పేదేముందిలెండి" అని ఊరుకున్నాడు. దిగే వేళ టికెట్ మీద అచ్చయే ఉంది. ఆమె చూడకుండా నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

విమానంలో ఏడుపు రాలేదు. కిటికీలోంచి రెక్క కనిపిస్తుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు అక్క జడ వేస్తే ఆ బిగుతుకి కనుబొమ్మలు పైకి లేచిపోయేవి. "అబ్బా, నొప్పే" అంటే, "నొప్పి పుడితేనే సాయంత్రం దాకా ఉంటుందే" అనేది అక్క.

చక్రాలు నేలను తాకాయి. పక్క సీటాయన వాచీ తీసి ముల్లును నిదానంగా ఒక చుట్టు తిప్పాడు. ఆమె ఆయన వేళ్లకేసి చూసింది. తర్వాత తన వాచీ చూసుకుంది. మూడుంపావు. ఆయన వాచీలో నాలుగుంపావు.

ఫోన్ ఆన్ చేయగానే మోగింది.

"ఎక్కడున్నావమ్మా? మూడున్నర నుంచీ గుమ్మంలోనే నిలబడ్డాను. నాలుగుంపావు దాకా ఆపాను. ఇక వాళ్లు ఆగలేదు, ఇప్పుడే బయలుదేరాం. నువ్వొచ్చేసరికి అంతా అయిపోతుంది."

"వాచీ తిప్పుకోలేదు బావా."

"ఎవరు? నువ్వా?"

మనుషులు లేచి పైనుంచి సామాన్లు దించుకుంటున్నారు. ఎవరి సంచో ఆమె భుజానికి తగిలింది. ఆమె కదల్లేదు.

"బావా, అక్కకి జడ ఎవరు వేశారు?"

"పక్కింటావిడ."

"బిగించి వేసిందా?"



"ఏమోనమ్మా, నేను చూసుకోలేదు."