ఆమని వీపు మీద నేను

నేను ఒక స్కూలు బ్యాగును. నీలం రంగు, ఎర్ర అంచు, ఐదు జిప్పులు. ఐదింటిలో ఇప్పుడు రెండే పనిచేస్తున్నాయి. ఎవరికీ చెడు తలపెట్టలేదు, ఎవరి సొమ్మూ దాచుకోలేదు. అయినా ఒక పిల్ల నడుము విరగడానికి కారణం నేనే. ఈ మాట చెప్పుకోవడానికే మీ ముందుకొచ్చాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ.

నేను పుట్టింది ఒక ఇరుకు గదిలో. అక్కడ పది మిషన్లు పగలంతా గడగడలాడేవి. నన్ను కుట్టినవాడు పట్టీలకు రెట్టింపు కుట్టు వేసి, గట్టిగా లాగి చూసి, పక్కకు విసిరాడు. కామారెడ్డిలో ఒక కొట్టు ముందు నన్ను కొక్కేనికి వేలాడదీశారు. "ఇరవై కిలోలు నింపినా చినగది, కొండవోండ్రి" అని కొట్టువాడు దారిన పోయేవాళ్లను పిలిచేవాడు. ఆ మాట వింటుంటే ఛాతీ ఉబ్బేది. ఇరవై కిలోలు మోసేది నేను కాదని అప్పుడు నాకు తట్టలేదు.

నన్ను కొన్నవాడు రాజేశం, రైసు మిల్లులో హమాలీ. ఆయనకు బస్తాల సంగతి బాగా తెలుసు. నా కుట్లన్నీ వేలితో తడిమి చూశాడు. పట్టీలు పట్టుకొని రెండు చేతులా లాగాడు. "గట్టిగున్నది" అని తృప్తిపడి, పక్కన నిలబడ్డ కూతురి భుజానికి తగిలించాడు. ఆ కూతురే ఆమని. తొమ్మిది పాసై పదిలోకి వచ్చింది. సన్నగా జొన్న కట్టెలా ఉంటుంది. నా పట్టీలను అన్నిసార్లు లాగి చూసిన మనిషి, ఆ భుజాలను ఒక్కసారైనా నొక్కి చూడలేదు.

వాళ్ల ఊరు గుర్రాలపల్లి. అక్కడి నుంచి కామారెడ్డిలోని బడికి బస్సులో గంట ప్రయాణం. బస్సు దిగాక పావుగంట నడక, ఆ తర్వాత మూడంతస్తులు. బడిలో గోడకు టైంటేబుల్ అంటించి ఉంటుంది గానీ, అది చూసేవాళ్ల కోసమే. తెలుగు పీరియడ్‌కు లెక్కల సారు వస్తాడు, సైన్సు టీచరు రాకపోతే సోషల్ సారు స్లిప్ టెస్టు పెడతాడు. పుస్తకం లేకపోతే పిల్ల వరండాలో నిలబడాలి. ఆమని ఒకసారి ఫిజిక్స్ నోట్సు ఇంట్లో మరిచిపోయి రెండు పీరియడ్లు బయట నిలబడింది. ఆ రోజు నుంచి నాలోంచి ఏదీ బయటికి తియ్యలేదు. ఏడు టెక్స్టు పుస్తకాలు, ఒక్కోదానికి రెండేసి నోట్సులు, గైడ్లు, అట్లాసు, డైరీ, అన్నం డబ్బా, బడి నీళ్లు ఉప్పగా ఉంటాయని రెండు లీటర్ల సీసా. దసరా తర్వాత మోడల్ పేపర్ల కట్టలు కూడా తెమ్మన్నారు. మూలిగే నక్క మీద తాటిపండు.

నొప్పి మొదట కుడి భుజంలో వచ్చింది. తర్వాత నడుములోకి దిగింది. కార్తీకం వచ్చేసరికి ఎడమ కాలిలోకి జరజరా పాకేది. నేను ఆమె వీపును ఆనుకునే ఉంటాను కదా, ఆ వణుకు నాకు మొదట తెలిసేది. నడుము చుట్టూ చున్నీ బిగించి కట్టి, దాని మీద యూనిఫాం వేసుకొనేది. దారిలో ప్రహరీ గోడ కనబడితే నన్ను దాని మీద ఆనించి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు కాసేపు నిలబడేది. బస్సులో సీటు దొరికినవాళ్లు నిలబడ్డవాళ్ల సంచులు ఒళ్లో పెట్టుకోవడం ఇక్కడి మర్యాద. "ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట" అని ఎవరో ఒక అవ్వ చేయి చాపేది. రెండు స్టాపులు దాటేలోపు మోకాళ్లు తిమ్మిరెక్కి, "ఇండ్ల రాళ్లేస్కున్నవా ఏందే" అని తిరిగి ఇచ్చేసేది. ఆమని నవ్వి నన్ను తగిలించుకొనేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదంటారా? నాన్న రోజంతా వడ్ల బస్తాలు మోసి వస్తాడు. అమ్మ స్వరూప పొద్దున్నుంచి చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంది. ఆ ఇంట్లో పుస్తకాలు బరువని ఏ నోటితో చెప్పడం? ఒకసారి చెప్పబోయింది కూడా.

"అమ్మా, బ్యాగు బాగా బరువైతుందే."

స్వరూప చేతిలోని ఆకు మీంచి చూపు తిప్పలేదు. "చేతగాకపోతే మానెయ్యి. ఇంట్ల కూసుంటే నాలుగు బీడీలన్న అయితయి."

కోపంతో అన్న మాట కాదది, అలవాటుగా వచ్చింది. అయినా ఆమని ఆ తర్వాత నోరు తెరవలేదు. ఆ పిల్ల భయమంతా ఒక్కటే, నొప్పి బయటపడిన రోజు చదువు ఆగిపోతుందని.

నేను చేయగలిగిన సాయం ఒక్కటే, తెగిపోవడం. నిజంగానే తెగిపోవాలని కోరుకున్నాను. పుష్య మాసంలో నా కుడి పట్టీ పుటుక్కున ఊడింది. నా సంతోషం ఏం చెప్పను? ఇంట్లో వాళ్లంతా లేచి వచ్చారు. రాజేశం దబ్బనం తీశాడు, స్వరూప దీపం దగ్గరికి జరిపింది. బస్తాలు కుట్టే సుతిలితో మూడు వరసలు కుట్టి, "ఇగ ఏనుగెక్కినా తెగది" అన్నాడాయన. పక్కనే ఆమని గోడకు వీపు ఆనించి, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. సంచికి వచ్చిన కష్టం అందరికీ కనబడింది.

ఇక ఆ రోజు సంగతి. సాయంత్రం కామారెడ్డి బస్టాండులో మా ఊరి బస్సు రాగానే జనం ఒక్క ఉరుకు ఉరుకుతారు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలో, సంచో లోపలికి వేస్తే ఆ సీటు వాళ్లదే. ఆమని ఎప్పుడూ నన్ను అలా వేసేది కాదు. నన్ను అంత ఎత్తుకు ఎత్తే సత్తువ ఆ చేతుల్లో లేదు. కానీ ఆ రోజు నిలబడే ఓపిక కూడా లేదు. సీటు దొరకకపోతే గంటసేపు కమ్మీ పట్టుకొని వేలాడాలి. పళ్లు బిగబట్టి నన్ను రెండు చేతులా తల దాకా ఎత్తి, కిటికీలోకి తోసింది.

నేను సీటు మీద పడ్డాను. కింద ఆమని పడింది. పడడం అంటే ధబేలుమని కాదు, నడుములో ఏదో పట్టేసి నెమ్మదిగా ప్లాట్‌ఫారం మీద కూలబడింది. ఆ ఆగమాగంలో ఎవరూ చూడలేదు. అప్పుడే కండక్టరు ముందుకు వెళ్లి బోర్డు తిప్పాడు. గుర్రాలపల్లి పోయి బాన్సువాడ వచ్చింది. మా ఊళ్లో అందరూ చేసే పొరపాటే ఇది, బోర్డు తిరిగేదాకా ఆగకుండా సంచి వెయ్యడం. మిగిలినవాళ్లు తిట్టుకుంటూ తమ సంచులు లాక్కున్నారు. ఆమని చెయ్యి పైకి లేపింది. గొంతు రాలేదు. బస్సు కదిలింది. నాకు కాళ్లుంటే దూకేవాణ్ని. నోరుంటే ఆ బస్సు టాపు లేచిపోయేలా అరిచేవాణ్ని.

బాన్సువాడ బస్టాండులో కంట్రోలరు గదిలో, ఒక మూలన మూడు రోజులు పడున్నాను. పిల్ల లేచిందో లేదో, ఎవరు చూశారో, ఇంటికెలా చేరిందో తెలియక కుమిలిపోయాను. డైరీలో నంబరు చూసి వాళ్లు ఫోన్ చేశారట. మూడో రోజు స్వరూప వచ్చింది. రైకకు పొగాకు వాసన. వంగి, ఒక చేత్తో నన్ను పట్టుకొని లేపింది. నేను లేవలేదు. మళ్లీ రెండు చేతులా పట్టి లేపి, బల్ల మీద పెట్టింది.

"నీ బిడ్డదేనా అమ్మా?" అడిగాడు కంట్రోలరు.

"నా బిడ్డదే సారూ. ఎనిమిది నెల్ల సంది మా ఇంట్లనే ఉన్నది. ఒక్కనాడన్న నేను లేపి చూడలే."

అంతే అన్నది. కొంగు నోట్లో కుక్కుకొని పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

ఆమనిని ఆ సాయంత్రమే ఎవరో లేపి ఇంటికి చేర్చారట. డాక్టరు వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుందన్నాడు. మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు, ఆ తర్వాత కూడా బరువు ముట్టొద్దన్నాడు. స్వరూప బడికి వెళ్లి, రోజూ అన్ని పుస్తకాలూ తెమ్మనకుండా చూడమని హెడ్‌మాస్టరును అడిగింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "ఒక్కలకు సడలిస్తే అందరు అడుగుతరమ్మా. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదున్నయి" అన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే రాజేశం, "ఈ ఏడు మానిపిద్దాం" అన్నాడు. మంచం మీది నుంచి ఆమని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. ఇన్ని నెలలుగా నొప్పికి ఏడవకుండా దాచుకున్నదంతా ఆ ఒక్క మాటకు బయటికొచ్చినట్టు ఏడ్చింది.

మూడు వారాలయ్యాక ఒక పొద్దున స్వరూప చాట పక్కన పెట్టి, నన్ను తగిలించుకుంది.

"నీకు గూడ నడుము నొస్తది గదనే అమ్మా" అన్నది ఆమని.

"నాది ఎట్లనూ పోయింది తియ్యి. నడువు."

ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు, అదొక్కటే వాళ్లకు కలిసొచ్చింది. పావుగంట నడకలో స్వరూప ఎక్కడా ఆగలేదు. ఇరవై ఏళ్లుగా వంగి బీడీలు చుట్టిన నడుము నా కింద కటకటలాడింది. మళ్లీ అదే పాపం, మరో వీపు మీద. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"పేరెంట్సు లోపలికి పోవద్దమ్మా. బ్యాగు పాపకియ్యి."

ఆమని చేతులు చాపింది. స్వరూప నన్ను దించలేదు. అతన్ని దాటుకొని లోపలికి నడిచింది. ఏమనుకున్నాడో, అతను మళ్లీ అడ్డం రాలేదు.

మూడంతస్తుల మెట్లు. బెల్లు కొట్టే వేళ కావడంతో పిల్లలంతా మూకగా ఎక్కుతున్నారు. స్వరూప కమ్మీ పట్టుకొని, ఒక్కో మెట్టు దగ్గర ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. తన కూతురి కోసం వచ్చిన మనిషి, చుట్టూ చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. బ్యాగుల కింద ముందున్నవాళ్లూ వంగే ఎక్కుతున్నారు, పక్కనున్నవాళ్లూ వంగే ఎక్కుతున్నారు. వెనక నుంచి చూసేవాళ్లకు ఎవరు పిల్లలో, ఎవరు తల్లో తెలియదు.