వల ముడి

నలభై శాతం. డాక్టరు కాగితం మీద ఆ అంకె వేస్తే గంగారత్నానికి వికలాంగుల పింఛను వస్తుంది. ఒక్క శాతం తగ్గినా రాదు.

చేపల షెడ్డులో ఐసు మిషను ఆమె కుడిచెయ్యి నమిలేసి రెండేళ్లయింది. మిగిలినవి రెండు వేళ్లు, అవీ కొయ్యల్లా బిగుసుకుపోయాయి. అప్పట్నుంచీ వితంతు పింఛనుతోనే ఆమె పొయ్యి వెలుగుతోంది. ఆ ఏడు వికలాంగుల పింఛను బాగా పెంచారు. దానికి మారిపొమ్మని వెంటపడింది ఆడపడుచు సుధామణి. ఆమె భర్త కూడా పోయాడు. తనూ వితంతు పింఛను కోసం తిరుగుతూనే ఉంది, ఇంకా రాలేదు.

ఒక మనిషికి రెండు పింఛన్లు కుదరవని మండలాఫీసు గుమస్తా భానుమూర్తి చెప్పాడు. పాతది వదులుకుంటున్నట్టు రాసిస్తేనే కొత్త దరఖాస్తు తీసుకుంటానన్నాడు. గంగారత్నం ఎడమ బొటనవేలితో ముద్ర వేసింది.

భవానీపురంలో ఓ కల్యాణ మండపంలో వైద్య పరీక్షల క్యాంపు పెట్టారు. హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచీ సుధామణి పాఠం చెబుతూనే ఉంది. కుడిచెయ్యి ఎత్తొద్దు, కొంగు సర్దుకోవద్దు, ఏమడిగినా చేతకాదనే చెప్పు. గంగారత్నం అన్నీ పాటించింది. డాక్టరుకి దండం కూడా పెట్టలేదు.

ఆయన వేళ్లు నొక్కి చూసి, కాగితాలు అడిగాడు. పడవలో కొల్లేరు దాటేటప్పుడు తడవకుండా ఆమె వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నైలాన్ దారంతో కట్టింది. డాక్టరు లాగాడు. గోటితో గిల్లాడు. ఊడలేదు.

“ఎవరేశారమ్మా ఈ ముడి?”

“నేనేనండీ. వల ముడి. అలా లాగితే రాదండీ.”

నలభై ఏళ్లు వలలు అల్లిన మనిషి. తన ముడితో ఇంకొకరు తంటాలు పడుతుంటే చూడలేకపోయింది. కవరు అందుకుని, దారాన్ని ఆ రెండు మొద్దు వేళ్ల మధ్య ఇరికించి, పళ్లతో పట్టి, ఎడంచేత్తో ఒక్క తోపు తోసింది. ముడి విచ్చుకుంది.

పక్కనున్న సుధామణి కళ్లు మూసుకుంది.

డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. తర్వాత పెన్ను తీసి రాశాడు. ముప్పై ఐదు.

వారం తిరక్కుండా ఇద్దరూ భానుమూర్తి ముందు నిలబడ్డారు. పాత పింఛనైనా తిరిగివ్వమని గంగారత్నం బతిమాలింది. ఆయన రిజిస్టరు తిప్పాడు. ఆమె వదులుకున్న చోటు, వితంతు పింఛనుకి ఎదురుచూసేవాళ్ల జాబితాలో మొదటి పేరుకి ఇచ్చేశారట. ఆ పేరు చదివాడు. సుధామణి.

గంగారత్నం వెనక్కి తిరిగింది.

“ఇద్దరికీ వస్తాయనుకున్నా వదినా,” అంది సుధామణి, నేల చూస్తూ. “ఒట్టు.”

అబద్ధంలా లేదు. అబద్ధమైతే తిట్టడానికైనా ఉండేది.

“మరి నాకెప్పుడండీ?” గంగారత్నం గుమస్తాని అడిగింది.

“ఖాళీ రావాలమ్మా.”

“ఎప్పుడొస్తుందండీ?”

భానుమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “తీసుకునేవాళ్లెవరైనా పోతే.”

రేవు దగ్గరికొచ్చేసరికి గాలి లేచింది. పడవెక్కేముందు సుధామణి ఆఫీసులో ఇచ్చిన తన కొత్త పింఛను పుస్తకం కవర్లో పెట్టి, దారంతో సహా చాపింది.

“నువ్వే ముడెయ్యి వదినా. నీ ముడైతే లోపలికి నీళ్లు పోవు.”

గంగారత్నం ఆమె మొహం వంక చూసింది. గుమస్తా మాట ఇంకా చెవిలోంచి పోలేదు. దారం పళ్ల మధ్య పట్టుకుని, గట్టిగా బిగించింది.