ఎర్ర రుమాలు కాపరి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలోదే కాబట్టి, రాజధాని మన జిల్లాలో ఉందని ఊళ్లో అందరికీ ఒకటే గీర. గీర పెరిగిందే గానీ బావుల్లో నీళ్లు పెరగలేదు. అయినా ముసలితనంలో సుభాని ఆ రోజుల్నే తలుచుకుని తలుచుకుని మురిసేవాడు.

సుభానిది పటాలు కట్టే దుకాణం. శ్రీశైలం మల్లన్న, చెన్నకేశవస్వామి, మక్కా మసీదు, అందరూ ఒకే గోడకు ఆనుకుని చట్రం కోసం తమ వంతు వచ్చేదాకా కాచుకుని ఉండేవాళ్లు. అక్కడికి ఒకరోజు దొనకొండ పక్క పల్లె నుంచి పాస్టరు దేవదానంగారు వచ్చారు. చర్చి తూర్పు గోడకు రంగుటద్దాల కిటికీ కావాలన్నారు. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న యేసుప్రభువు అందులో నిలబడాలట. చేయిస్తున్నది మాత్రం ఆయన వెంట వచ్చిన ముసలామె, మార్తమ్మ. ఆమె భర్త యేసోబు బతికినన్నాళ్లూ గొర్రెలు కాశాడు. ఆయన జ్ఞాపకంగా ఈ కిటికీ.

"నా కండ్లకు పొరలు కమ్మినాయి నాయనా," అంది మార్తమ్మ. "పెద్దాసుపత్రిలో ఇంక లాభం లేదన్నారు. ఉన్న చూపు పోకముందే ఆ కాపరిని చూసుకోవాల."

సుభాని అలాంటి కిటికీ ఎన్నడూ చేసి ఎరుగడు. చేతకాదని చెప్పడం అసలే ఎరుగడు. మద్రాసు నుంచి రంగు గాజు తెప్పించాడు. పాస్టరుగారిచ్చిన బొమ్మను తెల్ల అట్ట మీద గీసుకుని, ఆ అట్ట మీదే ముక్కలు పేర్చి రంగులు ఎంచాడు. పటం కట్టే మనిషికి వెనక అట్ట లేనిదే చెయ్యి ఆడదు కదా. అట్ట మీద లేత రంగులు నిండుగా కనిపించాయి. ముదురువి నల్లగా కనిపిస్తే పక్కన పడేశాడు. అన్నం చల్లారిపోతోందని భార్య కమ్రున్నీసా కేకలు వేస్తున్నా వినిపించుకోకుండా, సన్నటి టేకు పట్టీల మధ్య ఒక్కో ముక్కా బిగించాడు. తను కట్టిన పటాలన్నీ ఎవరి ఇంట్లోనో ఏదో మూల పొగచూరిపోయేవే. ఇదొక్కటైనా వెలుగులో నిలబడుతుందని అతని ఆశ.

ఎండుగడ్డిలో చుట్టి, పసిబిడ్డను మోసినట్లు రైల్లో మోసుకుపోయాడు. కిటికీ బిగించాక, ఆదివారం పొద్దున మార్తమ్మను ఎదురుగా కూర్చోబెట్టారు. ఎండెక్కింది. ఇక్కడ గాజు వెనక అట్ట లేదు, ఉన్నది ఆకాశం. ఆ వెలుగుకు రంగులన్నీ ఏళ్ల తరబడి ఉతికిన చీరలా వెలిసిపోయాయి. చూపున్నవాళ్లకు కాపరి ఎలాగో కనిపించాడు. బాగుందని పాపం వాళ్లంతా అన్నారు కూడా.

"ఎండ బాగా వస్తాంది," అంది మార్తమ్మ. "కాపరి యాడుండాడు నాయనా?"

సుభానికి తల కొట్టేసినట్లయింది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, నీ కంటికి ఏ రంగు ఆనుతుంది?"

"ఎరుపొకటే, కాస్త. మా ఇంటాయన ఎర్ర రుమాలు చుట్టుకునేటోడు. పొద్దుగూకే యాళకి గుట్ట దిగతా ఉంటే మనిషి కానొచ్చేటోడు కాదు, గొర్లు కానొచ్చేటియి కాదు. ఆ రుమాలొకటే. అది చూసి పొయ్యి రాజేసేదాన్ని."

సుభాని పాస్టరుగారి వైపు చూశాడు. ఆయనకు సంగతి అర్థమైపోయింది.

"ఏంది సుభానీ, ప్రభువుకు తలగుడ్డ చుడతావా?"

"అవ్వ చూడాల గదా అయ్యగారూ."

పాస్టరుగారు గడ్డం గోక్కుంటూ మార్తమ్మ వంక చూశారు. "సరే, చుట్టు. సంఘానికి నేను చెప్పుకుంటాలే," అన్నారు.

మంచి ఎరుపు దొరకాలి కదా. దొనకొండ స్టేషన్లో సిగ్నల్ దీపాలు వెలిగించే రంగయ్య, పగిలి పక్కన పడేసిన ఎర్ర గాజు ముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చాడు. ఈసారి సుభాని అట్ట జోలికి పోలేదు. మిట్టమధ్యాహ్నం బజార్లో నిలబడి, మునుపు పక్కన పడేసిన ముదురు ముక్కలతో సహా ఒక్కోటీ సూర్యుడికి ఎత్తిపట్టి చూశాడు. మతి పోయిందేమోనని జనం నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు.

కొత్త కిటికీలో అంగీ ముదురు నీలం, గడ్డి చిక్కటి పచ్చ, తలకు ఎర్ర రుమాలు. మార్తమ్మ మొహం పైకెత్తి అటూ ఇటూ వెతికింది. ఒకచోట ఆగింది.

"రుమాలు ఎడం చెవి మీదికి జారిందేంది?" అంది ఆమె కోపంగా. "మా ఇంటాయన అట్ల కట్టడు. తిన్నంగా కడతాడు."

సుభానికి కళ్లనీళ్లు ఆగలేదు. పనిలో తప్పు పడితే అంత సంబరపడిన పనివాడు ఆ తాలూకాలో మరొకడు ఉండడు.

ఆ తర్వాత దొనకొండ వైపు పని పడినప్పుడల్లా చర్చికి పోయేవాడు. పని లేకున్నా ఏదో ఒకటి కల్పించుకునేవాడు. ఆ పొగబండి, దారి పొడుగునా వేయించిన శనగలు, చర్చిలో చాప మీద కూర్చున్న మార్తమ్మ తిట్లు, ఎంత బాగుండేవో! "ఇంకా దిద్దలేదేంది?" అనేది. "ఈసారి వచ్చి దిద్దుతానవ్వా," అనేవాడు. దిద్దడం అతనికి అరపూట పని. కానీ ఆ తిట్టు వింటేనే ఆమెకు ఇంకా కనిపిస్తోందన్న ధైర్యం.

ఒక వేసవిలో వెళ్లి పక్కన కూర్చున్నాడు. అడుగు చప్పుడుతోనే గుర్తుపట్టి, అతని చెయ్యి తడిమి పట్టుకుంది మార్తమ్మ. తల ఎత్తి కిటికీ వైపే చూస్తోంది.

"ఇప్పుడు సరిగ్గా కట్టినావు నాయనా," అంది. "తిన్నంగా ఉండాది. అచ్చం ఆయన కట్టినట్టే."

సుభాని తలెత్తాడు. కిటికీని అతను ముట్టుకోనే లేదు. రుమాలు ఎడమ చెవి మీదే ఉంది.

"అవునవ్వా," అన్నాడు. "దిద్దినా."