అత్తయ్య సిఫారసు

మా ఆయనకి సొంతమని చెప్పుకోదగ్గవి రెండే. ఒకటి డ్రైవింగ్ స్కూలు, రెండోది ఒక కారు. ఆ కారు తీసేస్తే స్కూల్లో మిగిలేది వీధి గోడకి కొట్టిన బోర్డొక్కటే కాబట్టి, నిజానికి ఒకటే అనుకోవచ్చు.

నేర్పేవాళ్ళు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ బిగించిన కారది. నిరుడు ఒక పళ్ళ డాక్టరమ్మ వెనక్కి పోనివ్వబోయి ముందుకి పోనిచ్చింది. ఆయన తన వైపు బ్రేకు తొక్కేలోపే గోడ వచ్చేసింది. మెకానిక్కు ముందు భాగమంతా విప్పి, విప్పిన పుణ్యానికి గేర్‌బాక్సు కూడా పోయిందని చెప్పాడు. ఇన్సూరెన్సువాళ్ళు ఇచ్చింది రంగుకి సరిపోయింది. మిగతాదంతా ఆయన క్రెడిట్ కార్డు మీద గీకారు. కారు షెడ్డులో ఉన్నన్నాళ్ళూ పాఠాలు లేవు కనక ఇంటి సరుకులు కూడా ఆ కార్డే తెచ్చిపెట్టింది. డాక్టరమ్మ మాత్రం చాలా బాధపడి, ఇకమీదట మా ఇంటిల్లిపాదికీ పళ్ళు ఉచితంగా చూస్తానంది. మా దురదృష్టం, అప్పట్నుంచీ ఎవరికీ ఒక్క పన్ను కూడా నొప్పెట్టలేదు.

కార్డువాళ్ళు అడిగే కనీస మొత్తం నెలనెలా కడుతూనే వచ్చాం. కట్టిందంతా వడ్డీకే పోయేది. అసలు మాత్రం, వెళ్ళొస్తానని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పే చుట్టంలా అక్కడే ఉండేది. ఇలాగే సాగితే కారు అమ్మక తప్పదని ఆయన నోటితో అనలేదు. పొద్దున్నే కారు అద్దాలు తుడిచేటప్పుడు, తుడిచిందే మళ్ళీ మళ్ళీ తుడుస్తుంటే నాకే తెలిసింది.

పక్క వీధిలో అయిదారు కార్లున్న పెద్ద డ్రైవింగ్ స్కూలు ఒకటుంది. దాని యజమానిని అందరూ హారన్ అంటారు. ఆయన రహస్యం చెప్పినా వీధి చివర్న వినిపిస్తుంది. ఆ కారేదో నాకిచ్చేసి, నువ్వూ నా దగ్గరే జీతానికి చేరిపోరాదా అని అప్పటికే రెండుసార్లు అడిగాడు. మా ఆయన రెండుసార్లూ నవ్వి ఊరుకున్నారు. మూడోసారికి నవ్వు మిగులుతుందో లేదో తెలియని రోజుల్లో, ఇంకో బ్యాంకు ప్రకటన ఒకటి ఆయన కంటపడింది. పాత కార్డు బాకీని వాళ్ళ కొత్త కార్డు మీదికి మార్చుకుంటే ఏడాదిపాటు వడ్డీ ఉండదట. కట్టిన ప్రతి పైసా అసలుకే జమ. నేను లెక్క వేసి చూశాను. నేను బీకామ్ చదివాను. ఆ చదువు కరెంటు బిల్లు తప్పని నిరూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదనుకుంటే, ఆ రోజు పనికొచ్చింది. ఏడాది గట్టిగా బిగపడితే బాకీ తీరిపోతుంది, కారు నిలుస్తుంది.

ఫారం నేనే నింపాను. పాఠం చెప్పేటప్పుడు ఆయన ఫోను తియ్యరు కనక, బ్యాంకువాళ్ళు వివరాలు అడగడానికి ఇంటి ఫోను నంబరు ఇచ్చాను. ఎవరైనా ఫోన్ చేస్తే నాకివ్వండి, నేను లేకపోతే సాయంత్రం చెయ్యమనండి అని అత్తయ్యకి చెప్పాను. అత్తయ్య సరేనన్నారు. అత్తయ్య సరేనన్నారంటే మన మాట చెవిన పడిందని అర్థం, అంతవరకే.

తరవాతి వారమంతా ఆయన హుషారుగా ఉన్నారు. బోర్డుకి కొత్త రంగు వేయిస్తే ఎలా ఉంటుందన్నారు. సీటు కవర్లు విప్పి నాచేత ఉతికించారు కూడా.

జవాబు ఒక సాయంత్రం వచ్చింది. ఆయన కారు ఇంటి ముందు ఆపి ఎంతకీ దిగకపోతే, నేనే వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాను. బ్యాంకు మెసేజి ఉన్న ఫోను నా చేతికిచ్చారు. మా దరఖాస్తును శ్రద్ధగా పరిశీలించారట. ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నారట. బ్యాంకు చింతించడం నేను చూడటం అదే మొదలు.

ఆయన అప్పటికే వాళ్ళకి ఫోన్ చేసి కారణమడిగారు. కారణాలు చెప్పడం తమ పద్ధతి కాదన్నారట. మళ్ళీ పెట్టుకోవాలంటే ఆర్నెల్లు ఆగాలన్నారట. ఆర్నెల్లు ఆగే ఓపిక మాకుంది, పాత కార్డుకి లేదు.

"ఫారంలో ఎక్కడైనా తప్పు పడిందేమో," అన్నారాయన. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నేనూ గట్టిగానే అనేదాన్ని.

"మీ పేరు, మీ సంపాదన, మీ బాకీ. మూడూ మీరు చెప్పినవే," అన్నాను.

"ఏదైనా సున్నా..." అని, వాక్యం అక్కడే వదిలేసి స్నానానికి వెళ్ళిపోయారు.

వంటింట్లో అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. మా మాటలు వినబడ్డట్టున్నాయి, తలెత్తకుండానే అన్నారు. "అంత చెప్పినా ఇవ్వలేదుటే?"

నా చేతిలో గ్లాసు అక్కడే పెట్టేశాను. "ఎవరికి ఏం చెప్పారత్తయ్యా?"

నేను కరెంటు ఆఫీసుకి వెళ్ళిన పూట బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసిందట. ఇల్లు సొంతమా అద్దెదా, ఎంతమంది ఉంటారు, స్కూలు ఎలా నడుస్తోంది అని మర్యాదగా అడిగిందట. అత్తయ్యది ఒకటే సిద్ధాంతం: అడగందే అమ్మైనా పెట్టదు. అడగడమంటే కష్టం చెప్పుకోవడం. మామయ్యగారు పోయాక, చంకలో పిల్లాడితో ఆవిడ అలాగే నెగ్గుకొచ్చారు. బడి ఫీజు గడువు కావాలన్నా, బట్టల కొట్లో అరువు కావాలన్నా ఉన్నదున్నట్టు చెప్పి, అవసరమైతే రెండు కన్నీటిబొట్లు రాల్చి తెచ్చుకునేవారు. తెచ్చుకున్నది చెప్పిన రోజుకి తీర్చేవారు. ఒక్క గడపలోనూ కాదనిపించుకోలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకని బ్యాంకు అమ్మాయికీ ఉన్నదున్నట్టు చెప్పారు. పాఠాలకి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారని, కారు ముసలిదయిందని, ఇంటద్దె రెండు నెలలుగా ఆలస్యంగా ఇస్తున్నామని, మా అబ్బాయికి కంటిమీద కునుకు లేదని, ఈ ఒక్కసారికి గట్టెక్కిస్తే మీ పేరు చెప్పుకుని బతుకుతామని.

"ఎంత మంచి పిల్లనుకున్నావ్. ఒక్కదానికీ విసుక్కోలేదు. అన్నీ రాసుకుంటున్నానమ్మా అంది. ఇంకెక్కడైనా బాకీలున్నాయా అని తనే అడిగింది. మందుల షాపు ఖాతా నేను మర్చేపోయాను సుమా, అప్పుడు గుర్తొచ్చి చెప్పాను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా ఇంట్లో ఆ మందు వేసింది కూడా నాలుకే.

కాపరానికి వచ్చినప్పటినుంచీ అత్తయ్య మీద ఇంత స్పష్టమైన నేరం నాకెప్పుడూ దొరకలేదు. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి గుమ్మంలో చెప్పుల దాకా ప్రతిదానికీ ముద్దాయిని నేనే. ఆయన తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "సున్నా సంగతి ఏదో మాటవరసకి అన్నానులే," అన్నారు. ఇదే అదను. నేను నోరు తెరిచి, "అన్నానికి రండి," అన్నాను. చెప్పినంతమాత్రాన కార్డు రాదు. ఇంట్లో ఇంకొకరికి నిద్ర దూరమవుతుంది, అంతే కదా.

నెల తిరిగేసరికి హారన్‌కి కబురు వెళ్ళింది. అతను కారు చూడటానికి వస్తానన్న పొద్దున, అత్తయ్య ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఆ బ్యాంకు అమ్మాయికి మళ్ళీ ఫోన్ కలిపిపెట్టమన్నారు. పోయినసారి కారు అమ్మాల్సి వస్తుందని చెప్పలేదట, అది చెప్తే తప్పకుండా మనసు కరుగుతుందట.

వద్దన్నాను. ఆ నంబరు లేదన్నాను. పెద్దావిడ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. అబద్ధం చెప్పడంలో నా చదువు ఆవిడ అనుభవానికి చాలదు.

"ఎందుకొద్దంటున్నావే?"

"వాళ్ళకి లేదని చెప్తే ఇవ్వరత్తయ్యా. ఉందని చెప్తే ఇస్తారు."

"ఉన్నవాళ్ళకి అప్పెందుకే?"

ఆవిడ కాసేపు ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే కారు నా మూలంగానే పోతోందా?"

"కాదత్తయ్యా. అదంతా కంప్యూటరు చూసుకుంటుంది, మనుషులు చెప్పింది వినదు," అన్నాను. ఆవిడ నమ్మినట్టు తలూపారు. తలూపడమే నమ్మలేదని నాకు చెప్పింది.

హారన్ వచ్చి కారు చుట్టూ తిరిగి, టైర్లు కాలితో తన్ని, తన ధర తనే చెప్పాడు. మా ఆయన బేరమాడలేదు. మూడో గేరు కొంచెం మొండికేస్తుంది, మెల్లగా బతిమాలితే పడుతుందని మాత్రం చెప్పారు. మా దగ్గర బతిమాలుకోవడాలు ఉండవు, గేర్‌బాక్సు మార్పించేస్తానని హారన్ వీధంతా వినిపించేలా అన్నాడు. వచ్చిన డబ్బు కార్డు బాకీకి పోను, మిగిలింది అద్దె బాకీకి సరిపోయింది. గోడ మీది బోర్డు ఆయనే విప్పి మంచం కిందికి తోశారు.

హారన్ దగ్గర మొదటి రోజు పని చేసి వచ్చిన సాయంత్రం, ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఏ కారిచ్చారని నేనడిగాను. మనదేనన్నారు. కూర బాగుందన్నారు. అత్తయ్య కంచంలో అన్నం కలిపి అలాగే ఉంచి, నేను కళ్ళతో వద్దంటున్నా చూడకుండా, ఫోను సంగతంతా చెప్పేశారు. మందుల షాపు ఖాతా కూడా వదల్లేదు.

ఆయన నమలడం ఆపి విన్నారు. చివర్న, "నువ్వు చెప్పినదాంట్లో అబద్ధమేముందమ్మా," అన్నారు.

తిట్లకి సిద్ధపడి కూర్చున్న మనిషి దీనికి సిద్ధంగా లేరు. "నీకు నిద్ర పట్టడంలేదని కూడా చెప్పానురా," అన్నారు, ఇంకా ఏదో శిక్ష బాకీ ఉన్నట్టు.

"అది నీకెలా తెలుసు?"

"గోడకవతలే కదరా నా పక్క. నువ్వు దొర్లినప్పుడల్లా మంచం చెప్తుంది."

ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. "ఇకనుంచి బాగానే పడుతుందిలే. జీతగాడికి నిద్రకేం కరువు."

నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. అత్తయ్య కలిపిన అన్నం ముద్దని విడదీసి, మళ్ళీ మెతుకు మెతుకుగా కంచమంతా పరుస్తున్నారు.