నూనె తాగిన లైనర్లు

కొడుకు లారీ వెనక చక్రం లోపలి నుంచి మళ్లీ నూనె కారుతుంటే చూసి బుగ్గమ్మకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిది రోజుల కిందటే, చక్రంలోకి నూనె రాకుండా ఆపే హబ్ సీలు కొత్తది వేశానన్నాడు మెకానిక్ నర్సప్ప. ఆ నూనె పడితే బ్రేకు పట్టదని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాటులో, బండల లోడుతో, కొడుకు మల్లేశ్వర్ లారీ ఆమె ఊహలో రోజూ బోల్తా పడుతూనే ఉంటుంది. ఇవాళ మళ్లీ అదే దారి.

కొడుకు వద్దన్నా వినకుండా లారీ ఎక్కి తాండూరులోని నర్సప్ప షెడ్డుకు తనూ వచ్చింది.

"ఏం నర్సప్పా, సీలు ఏసినవా, ఉత్తగ చేతులు తుడుసుకున్నవా?" అంది దిగకముందే.

"జర నిమ్మళం అక్కా. ఇప్పి సూడనియ్యి."

"నిమ్మళంగనే ఉన్న. నా కొడుకు లోయల వడ్డంక గట్టిగ ఒర్లుత."

నర్సప్ప జాకీ పెట్టి, చక్రం తీసి, డ్రమ్ము లాగాడు. లోపలంతా నల్లటి జిడ్డు. సీలు తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా చిరగలేదు. అప్పుడు కిందికి దూరి వెనక ఇరుసు పైభాగం తడిమాడు. లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టం మూతి మీద, బండలు పాలిషు పట్టే చోటి తెల్ల బురద సిమెంటులా గడ్డకట్టి ఉంది.

"గాలి తొవ్వ బందయ్యిందక్కా. బండి నడుస్తుంటే లోపల ఆవిరి ఉబ్బి, నూనెను సీలుకెళ్లి బయటికి తోస్తున్నది."

"మరి పోయినసారి సూడలేదా?"

"సూడలే. తప్పయ్యింది."

"తప్పయ్యిందట! రొట్టె మాడితే అంటరు గామాట. మనిషి పోయినంక ఎవరికి చెప్తవు?"

నర్సప్ప గొట్టం శుభ్రం చేసి, కొత్త సీలు బిగించాడు. డ్రమ్మును పట్టి ఆపే బ్రేకు లైనర్లు నూనె తాగి ఉంటే, వాటిని పెట్రోలుతో కడిగి ఎండలో పెట్టాడు. కాసేపటికి అవి పొడిగా, కొత్తవాటిలా కనిపించాయి.

"ఇగ మస్తు పనిచేస్తయి," అన్నాడు.

"నడువవ్వా, లోడు తయారున్నది," అన్నాడు మల్లేశ్వర్. "అందరు గిట్లనే కడిగి ఏస్తరు."

ఎంత తోమినా రొట్టె పెనం పొయ్యి మీద పెట్టగానే పాత నూనె కక్కుతుందని బుగ్గమ్మకు తెలుసు. ఎండలోంచి ఒక లైనరును, దాని ఇనప దిమ్మెతో సహా, ఎత్తుకుని పక్కనున్న నవనీత చాయ్ కొట్టుకు నడిచింది.

"గిన్నె దించు నవనీతా."

"గిదేందే అక్కా!"

"రొట్టె చేస్త. దించు."

లైనరు పైకి ఉండేలా మంట మీద పెట్టింది. నర్సప్ప నవ్వాడు. "ఉప్పు గూడ సల్లక్కా."

ముందు ఏమీ కాలేదు. తర్వాత లైనరు మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. చుక్కలు కలిసి జారాయి. కమురు వాసనతో పొగ వచ్చింది.

"ఘాటు దిగంగ నొక్కిన బ్రేకే నొక్కుతుంటే లైనరు గింతకన్న సల్లగుంటదా నర్సప్పా? సల్లు ఇప్పుడు, ఉప్పు."

మల్లేశ్వర్ ఆ చుక్కల్నే చూస్తూ గొంతు తగ్గించాడు.

"సోమవారం దిగంగ బండి ఎడమకు గుంజిందవ్వా. లోయ దిక్కు. బ్రేకు సరిగ పట్టలే."

"ఏందీ?"

"నీకు చెప్తే ఫికర్ చేస్తవని..."

లారీ లోయలో పడటం బుగ్గమ్మ వెయ్యి సార్లు ఊహించింది. నిజంగా జరగబోయిన ఆ ఒక్కసారి ఇంట్లో హాయిగా కంది బేడలు చెరుగుతూ కూర్చుంది. పొయ్యి పక్కనున్న పటకారు అందుకుని వాడి భుజం మీద ఒక్కటిచ్చింది. ఇంకొకటీ ఇచ్చింది.

"ఫికర్ జెయ్యద్దా? నీ పీనుగొచ్చినంక జెయ్యాల్నా?" లారీ తాళం వాడి జేబులోంచి లాగి కొంగున ముడేసింది. "కొత్త లైనర్లు తెప్పియ్యి. రెండు దిక్కులకు. లోడు రేపు వోతది, లేకుంటే అసలే పోదు. నర్సప్పా, నిలవడి సూస్తవేంది? అటు చక్రం గూడ ఇప్పు."

నర్సప్ప జాకీ తీసుకుని లారీకి అటువైపు నడిచాడు.