పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర

మా ఆడపడుచు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. "నంబరు చెప్పండి" అని అది అంటే చాలు, అవతల మండిపడుతున్నవాళ్ళు కూడా మెత్తబడిపోయేవాళ్ళట. పెళ్ళి వద్దనుకుని మాతోనే ఉండిపోయింది. నన్ను ఏడిపించకపోతే దానికి పొద్దు గడిచేది కాదు.

అలాంటి గొంతు ఓ ఏడు బొంగురుపోయింది. మొహం ఉబ్బింది. ఎండలో కూడా శాలువా కప్పుకునేది. డాక్టరు పరీక్షలు చేయించి థైరాయిడ్ అన్నాడు. చిన్న తెల్లమాత్ర రాసి, "పొద్దున్నే పరగడుపున వేసుకో" అన్నాడు.

పరగడుపంటే ఏమీ తినకుండా అనే కదా! కాఫీ తిండెలా అవుతుంది? మా ఇంట్లో అది గొంతు దిగందే తెల్లారినట్టే కాదు. గ్లాసు పక్కన మాత్ర పెట్టి నేనే ఇచ్చేదాన్ని.

"వదినా, నీ కాఫీకంటే ఈ మాత్రే నయం, కాస్త రుచుంది."

"అయితే రేపట్నుంచి నువ్వే కలుపుకో, మహాతల్లీ!"

నెలలు గడిచినా గొంతు తిరిగి రాలేదు. డాక్టరు మోతాదు పెంచాడు. మళ్ళీ పెంచాడు. మూడోసారి పరీక్ష కాగితం చూసి, "ఈవిడ మాత్రలు వేసుకోవడం లేదు" అని ఫైల్లో రాసేశాడు. ఆఫీసువాళ్ళు ఫోన్ల దగ్గర్నుంచి తీసి పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారు.

మా ఆయన చెల్లెల్ని కేకలేశారు. నేనైనా ఊరుకున్నానా? "ఎక్కడ పారేస్తున్నావే?" అని నిలదీశాను.

"నీ ఎదురుగానే మింగుతున్నా కదా వదినా. నువ్వైనా నమ్మవా?"

"నాలుక కింద దాచి ఉమ్మేస్తే నాకేం తెలుస్తుంది?"

మర్నాటినుంచి మాత్ర మింగగానే నా ముందుకొచ్చి నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించేది. నలభై ఏడేళ్ళ మనిషి. నేను వంగి మరీ చూసేదాన్ని. నా కాఫీని వెక్కిరించడం మానేసింది.

ఆ చలికాలం దగ్గు పట్టుకుని నెమ్ములోకి దిగింది. థైరాయిడ్ ముదిరి ఒళ్ళు చల్లబడిపోయింది, గుండె నెమ్మదించింది. ఆసుపత్రిలో చేర్చిన మూడోరోజు పోయింది.

మిగిలిన మాత్రలు తిరిగిచ్చేద్దామని మందుల షాపుకి వెళ్ళాను. మా ఆడపడుచు రోజూ వేసుకున్నా గుణం కనబడలేదన్నాను.

"దేంతో వేసుకునేవారమ్మా?" అంది షాపులో అమ్మాయి.

"కాఫీతో. ఇంక దేంతో?"

ఆ పిల్ల మాత్రలు పక్కన పెట్టింది. "మంచినీళ్ళతో వేసుకుని, గంట ఆగి కాఫీ తాగాలండీ. లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదు."

అటునుంచి అటే డాక్టరు దగ్గరికి నడిచాను. అంతా విని తల దించుకున్నాడు. "దేంతో వేసుకుంటోందని నేనూ అడగలేదమ్మా."

"ఫైల్లో ఆ మాట కొట్టెయ్యండి బాబూ."

"ఇప్పుడు కొట్టేస్తే ఏం లాభం?"

"లాభానికి రాలేదు. అది రోజూ మింగింది. నేను చూశాను."

ఫైలు తెప్పించి కొట్టేశాడు. పక్కన ఏం రాయమంటారని అడిగాడు.

"వదిన కాఫీతో ఇచ్చింది అని రాయండి."

రాశాడు. చదివి వినిపించమన్నాను. వినిపించాడు.