నూటొకటో శ్రోత

తన పాటలు ఎవరూ వినకపోవడమే తన గొప్పతనమని బావ నమ్మకం. పరుపుల దుకాణం కింద నేలమాళిగలో, అమ్ముడుపోని పరుపులు గోడలకు ఆనించుకుని, పదకొండేళ్లుగా ర్యాప్ పాటలు కడుతూ వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాడు. "మనది అండర్‌గ్రౌండ్. జనానికి నచ్చిందంటే పాట చెడిపోయినట్టే." భూమికి పదడుగుల కింద కూర్చున్నాడు కనక అందులో సగం నిజమేనని ఆయన భార్య అనేది.

ఆడలేక మద్దెల ఓడన్నది పాత సామెత. బావ ఇంకో మెట్టు దిగి, వినేవాళ్ల చెవులే ఓటివని తేల్చాడు. పైగా దానికో నియమం కూడా పెట్టాడు. పాట ఇంటర్నెట్‌లోకి ఎక్కకూడదు, కాపీ ఎవరికీ ఇవ్వకూడదు, దగ్గరుండి వినిపించాలి. విన్న ప్రతివాళ్ల పేరూ అట్టపుస్తకంలో రాయాలి. పేర్లు వంద దాటితే ఆ పాట అమ్ముడుపోయినట్టే, చెరిపెయ్యాలి. ఆయన పాటలేవీ పందొమ్మిది దాటిన పాపాన పోలేదు. ఆ పందొమ్మిదిలో వాళ్లమ్మ పేరు రెండుసార్లుంది.

ఈ మహానుభావుడి మరదలే గుండీ. అక్క ఇస్త్రీ చేసే చొక్కాల ఫ్యాక్టరీలోనే కాజాల మిషన్ మీద పని కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. ఆమె నేలమాళిగకు వెళ్లింది బావ ఉపదేశాల కోసం కాదు, అక్కడున్న మైకు కోసం. ఆరు నెలలు ప్రతి ఆదివారం వెళ్లి ఒక్క పాట కట్టింది. దానికి తాళం ఆమె మిషన్ చప్పుడే. అన్నం డబ్బాలో ఫోన్ దాచి లోపలికి తీసుకెళ్లి రికార్డు చేసుకొచ్చింది. పాటేమో మరుగుదొడ్డి తలుపు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడే సూపర్‌వైజర్ మీద.

"ఐదు నిమిషాలంటావు, వాచీ నీది,
ఆపుకున్న కడుపునొప్పి మాత్రం నాది.
గంటకి రెండొందల కాజాలు కుట్టే చెయ్యి నాది,
నా నోటికి గుండీ పెట్టే మొనగాడేడీ?"

బావ విని పెదవి విరిచాడు. "లోతు లేదు. మరుగుదొడ్డి గోల ఎవడిక్కావాలి?" అని రెండు మీటలు అటూ ఇటూ తిప్పి, మిక్సింగ్ అయిపోయిందన్నాడు.

ఎవరిక్కావాలో గుండీకి తెలుసు. పాట ఎవరిదో వాళ్లు వినాలి, ఆమెకున్నది ఆ ఒక్క కోరికే. భోజనాల వేళ గేటు బయట మెట్ల మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు తలా ఒక చెవికిచ్చి, ఇద్దరిద్దరికి వినిపించింది. మూడు వారాలు పట్టింది. కొందరు మళ్లీ మళ్లీ వచ్చి కూర్చున్నారు. కాపీ ఇమ్మని ఎంత బతిమాలినా నియమం ఉందని ఎవరికీ ఇవ్వలేదు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. విన్న ప్రతి మనిషి పేరూ, వాళ్లు పనిచేసే విభాగంతో సహా అట్టపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చి బావ చేతిలో పెట్టింది. వంద దాటడమన్నది ఎన్నడూ జరగలేదు కాబట్టి ఆ సంగతి ఆమెకు గుర్తే లేదు. మెచ్చుకుంటాడనుకుంది, పిచ్చిది.

బావ పేజీలు తిప్పాడు. నూట ఇరవై ఆరు పేర్లు. నూటొకటో పేరు దగ్గర వేలు ఆగింది. 'అక్క, ఇస్త్రీ విభాగం, మూడుసార్లు.'

పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆయన భార్య ఆయన పాట ఒక్కటీ చివరిదాకా వినలేదు. ఎప్పుడూ పొయ్యి మీద ఏదో మాడిపోతుండేది.

"నువ్వు అమ్ముడుపోయావు" అన్నాడు.

"ఎవరికి బావా? వాళ్లు నాకు ఏమిచ్చారని?"

"చప్పట్లు కొట్టారుగా. అదే అమ్మకం. ఫోనియ్యి."

"ఇంకో కాపీ లేదు. ఆరు నెలల పని బావా అది."

"నియమం నాకైనా ఇంతే."

నిజమే, ఆయనకైనా అంతే. ఆ అవసరం ఆయనకు వెయ్యేళ్లకు కూడా రాదు. మైకు ఆయనది, నియమం పాటిస్తానని మాట ఇచ్చింది తను. గుండీ ఫోన్ ఇచ్చింది. ఆయన ముందు కంప్యూటర్లో, తర్వాత ఫోన్లో, చివరికి ఆ మిషన్ చప్పుడుతో సహా చెరిపేశాడు. ఆ పని మాత్రం ఎంత శ్రద్ధగా చేశాడని. గుండీకి ఏడుపొచ్చింది, అంతకంటే ముందు తన మీద తనకే అసహ్యం వేసింది. కడుపుమంటకి నియమమని పేరు పెడితే, తను వెళ్లి దానికి పుస్తకం రాసిచ్చింది.

సోమవారం మెట్ల మీద ఆడవాళ్లు మళ్లీ చెవులు చాచారు. పాట లేదని చెప్పింది.

"లేకపోవడమేంటే?" అంది పక్క మిషన్ ఆవిడ.

భోజనాలయ్యాక మిషన్లు మొదలయ్యాయి. పక్క మిషన్ ఆవిడ తల ఎత్తకుండా మొదటి లైను అంది. కాలర్లు కుట్టే చోటి నుంచి రెండోది వచ్చింది. మూడో లైనుకి హాలంతా అందుకుంది. గుండీ రాయని చరణం ఒకటి ఇస్త్రీ బల్లల దగ్గర పుట్టింది, అది ఇక్కడ రాయదగ్గది కాదు. సూపర్‌వైజర్ ఎవరిని అడగాలో తెలియక వాచీ చూసుకుని, ఎందుకో దాన్ని విప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం గుండీ నేలమాళిగ తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యడానికి వెళ్లింది. అక్క కూడా వెంట వచ్చింది. మెట్లు సగం దిగేసరికి కింద బావ గొంతు వినపడింది. పరుపులు దులుపుతున్నాడు. ఆ దెబ్బకో మాట చొప్పున పాడుకుంటున్నాడు.

"ఆపుకున్న కడుపునొప్పి మాత్రం నాది..."

పదకొండేళ్లలో ఆయన తాళం తప్పకుండా పాడింది అదొక్కటే. అక్క మెట్ల మీదే నిలబడి చివరిదాకా వింది.

"ఏవండీ," అంది తర్వాత, "ఒకచోట చెరపడం మర్చిపోయారు."

బావ చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. గుండీ బల్ల మీది అట్టపుస్తకం తెరిచి, నూట ఇరవై ఆరు కింద ఇరవై ఏడు వేసి, పెన్ను ఆయన ముందు పెట్టింది.

"రాయండి బావా. నియమం మీదేగా."

ఆయన పెన్ను వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. అంత సిగ్గులోనూ ఆ మనిషికి ఆశ చావలేదు.

"రాస్తాలే. మిక్సింగ్ నాదేనని కూడా రాయమంటావా?"

"రాయండి," అంది గుండీ, తాళంచెవి పుస్తకం మీద పెడుతూ. "చెరిపిందీ మీరేనని పక్కన నేను రాస్తాను."